గాలి ఎంపిక ఉపసంఘం

మా పాఠశాలలో గాలిని ఎంపిక చేయడానికి ఒక ఉపసంఘం ఏర్పడిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. గాలి ఎక్కడైనా దొరికేదే కదా, ఎంపిక ఏమిటని తొందరపడేవాళ్ళు ఉంటారు. అలాంటివాళ్ళను ఉపసంఘాల్లో వేసుకోరు.

పాఠశాలల రోబోల పోటీకి మా పిల్లలు ఒక రోబోను తయారు చేశారు. అది నేలమీద ఉన్న పెట్టెను ఎత్తి నడుమెత్తు అరలో పెట్టాలి. ఎత్తే పని గాలిది. సైకిలు పంపును తిరగేసి ఊహించుకోండి. పంపులో మనం కడ్డీని తోస్తే గాలి బయటికి వస్తుంది. ఇందులో గాలి తోస్తే కడ్డీ బయటికి వస్తుంది. దీన్ని సిలిండర్ అంటారు. అన్ని భాగాలూ నిబంధనల ప్రకారం ఉండాలి. నిబంధనల పుస్తకం నూట నలభై పేజీలు.

ఉపసంఘానికి అధ్యక్షులు ప్రిన్సిపాల్ గారు. సభ్యులు ఫిజిక్స్ మేడం, లైబ్రేరియన్, డ్రాయింగు మాస్టారినైన నేను. అడ్డు చెప్పనన్న పేరుంది కనుక నన్ను తీసుకున్నారు. ఆ పేరు వెనక ఇరవై ఏళ్ళ కృషి ఉంది.

రోబో జట్టుకు నాయకురాలు తొమ్మిదో తరగతి పిల్ల. అందరూ పిచ్చుక అంటారు. తరగతిలో నోరు విప్పదు. వర్క్‌షాపు గదిలో అడుగుపెడితే మాత్రం ఆగకుండా మాట్లాడుతుంది. ఆ గది తలుపు దగ్గర ఆమె గొంతు మారడం నేను చాలాసార్లు విన్నాను. అందుకే ప్రిన్సిపాల్ గారి షరతు విన్నప్పుడు ఆమె ముఖం వైపు చూడకుండా కిటికీ వైపు చూశాను.

"ఒక్క పెట్టె అరలోకి ఎక్కించండి, గది మీదే. ఎక్కకపోయిందా, విరిగిన బెంచీలు వరండాలో వానకు తడుస్తున్నాయి, వాటికైనా పనికొస్తుంది," అన్నారాయన.

మొదటి సమావేశంలో రెండు సిలిండర్లు బల్ల మీద పెట్టారు. పిచ్చుక లెక్కలు కట్టి తెచ్చినది చిన్నది, తేలికైనది, సరిపోయేది. రెండోది దానికి మూడింతలు. తయారీదారు ముద్రించిన గాలి ఒత్తిడి పరిమితి ప్రతి భాగం మీదా స్పష్టంగా కనిపించాలన్నది నిబంధన. చిన్నదాని మీద అక్షరాలు చిన్నవి. పెద్దదాని మీద పెద్దవి. లైబ్రేరియన్ కళ్ళద్దాలు తీసేసి, గుమ్మం దగ్గర నిలబడి రెండూ చదవబోయారు. పెద్దది నెగ్గింది.

తర్వాత సిలిండర్‌కు గాలిని మోసే ట్యూబు. కొన్న భాగాల్లో దేన్నీ మార్చరాదని పుస్తకంలో ఉంది. పది మీటర్ల చుట్ట కొన్నాం. కోయడమూ మార్చడమే కనుక కోయరాదని తీర్మానించాం.

"సార్, ట్యూబులు కోసుకోవచ్చని కింద రాశారు," అంది పిచ్చుక.

"కింద కాదమ్మా, తర్వాతి పేజీలో. మనమింకా ఈ పేజీలోనే ఉన్నాం," అన్నారు ప్రిన్సిపాల్ గారు. పది మీటర్ల ట్యూబునూ రోబో చుట్టూ చుట్టారు. చలికి మఫ్లరు కట్టుకున్న ముసలాయనలా తయారైంది.

సేఫ్టీ వాల్వు మీద మాత్రం పేచీ రాలేదు. లోపల ఒత్తిడి హద్దు దాటితే అది తనంతట తానే గాలి వదిలేస్తుంది. నాకు బాగా నచ్చింది. బడిలో మింగినదంతా ఇంటికి వెళ్ళి మా ఆవిడ ముందు నేను చేసేదీ అదే.

అసలు చర్చ సిలిండర్ బిగించాక వచ్చింది. కడ్డీ పైకి రావాలి కనుక పిచ్చుక దాన్ని కడ్డీ పైకి ఉండేలా బిగించింది. అలా బిగిస్తే ముద్రించిన అక్షరాలు తలకిందులయ్యాయి.

"పోటీలో రోబోలను తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్ గారు ఇది చదవాలంటే తల వంచాలి," అన్నారు ప్రిన్సిపాల్ గారు. "మనకోసం ఆయన తల వంచాలా? తిప్పి బిగించండి."

"తిప్పితే కిందికి తోస్తుంది సార్!"

"తోస్తుంది కదా?"

"తోస్తుంది గానీ, కిందికి..."

"ఏ దిక్కుకు తోయాలో పుస్తకంలో ఉందా? మేడం, మీరు చూశారా?"

ఫిజిక్స్ మేడం పుస్తకం తిరగేసి, లేదన్నారు. నిజంగానే లేదు. పిచ్చుక నా వైపు చూసింది. రోబో తయారీకి బొమ్మ గీసింది నేనే. అందులో కడ్డీ పక్కన బాణం గుర్తు పైకి పెట్టిందీ నేనే. తీర్మానం కాగితం నా ముందుకు వచ్చింది. సంతకం పెట్టాను. కాస్త వంకరగా పెట్టాను. అది నా నిరసన. ఈ పద్ధతి మీకూ తెలిసే ఉంటుంది.

పోటీ రోజున ఇన్‌స్పెక్టర్ గారు తల వంచకుండానే అన్నీ చదివారు. కోయని ట్యూబును రోబో చుట్టూ తిరిగి ఈ కొస నుంచి ఆ కొసదాకా చూశారు. నూటికి నూరు వేసి, ఇక ఎవరూ విప్పకుండా సీలు వేశారు.

పెట్టెను కడ్డీ చివర బిగించిన తట్టలో పెట్టారు. పిచ్చుక మీట నొక్కింది. గాలి పది మీటర్లూ ప్రదక్షిణం చేసి సిలిండర్‌ను చేరింది. కడ్డీ కిందికి దిగింది, తట్ట నేలకు అదుముకుంది. మూడింతల సిలిండర్ కదా, రోబోయే మెల్లగా గాల్లోకి లేచింది. పెట్టె ఉన్నచోటే ఉంది. అంతటి యంత్రం తన్ను తాను ఎత్తుకోవడం చూసి సభ చప్పట్లు కొట్టింది. పిచ్చుక మీట మీద నుంచి చెయ్యి తీయలేదు. తీస్తే దిగిపోతుందని కాబోలు.

పెట్టె ఒక్కటే అర ఎక్కలేదు. అయినా నిబంధనల పాలనలో ప్రథమ బహుమతి మాకే వచ్చింది. "ఎత్తడం ఎవరైనా ఎత్తుతారు. ఎలా ఎత్తామన్నది ముఖ్యం," అని ప్రిన్సిపాల్ గారు వేదిక మీద గద్గదంగా చెప్పారు.

గదిని ఆయన బెంచీలకు ఇవ్వలేదు. మాట మీద నిలబడే మనిషి, అయినా బహుమతి వచ్చాక పెద్దమనసు చేసుకున్నారు. రోబోను అద్దాల పెట్టెలో వర్క్‌షాపు నడిమధ్య పెట్టించారు. పిల్లలు ముట్టుకుని పాడుచేయకుండా గదికి తాళం వేయించారు. తాళంచెవి అడ్డు చెప్పని మనిషి దగ్గర ఉండాలని నాకిచ్చారు.

మర్నాడు పిచ్చుక స్టాఫ్‌రూం గుమ్మంలో నిలబడింది.

"మాస్టారూ, ఐదు నిమిషాలు తలుపు తీస్తారా? నాలుగు బోల్టులే. తిప్పి బిగించి, ఒక్కసారి పెట్టె ఎత్తి చూపిస్తాను. మళ్ళీ ఎలా ఉన్నది అలా పెట్టేస్తాను."

"ఎవరికి చూపిస్తావమ్మా?"

"ఎవరికీ వద్దు. మీకే. బాణం పైకే కదా మీరు వేసింది?"

జేబులో తాళంచెవి తొడకు గుచ్చుకుంటోంది. లేవడానికి కుర్చీ చేతుల మీద చేతులు ఆనించాను కూడా. "దరఖాస్తు రాసుకురా తల్లీ," అన్నది నా నోరు.

రాసుకొచ్చింది. తరగతి గదిలో మాట్లాడే గొంతుతో "ఇదిగోండి సార్" అని బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. చదివాను. నాలుగు వాక్యాలు. ఒక్క కొట్టివేత లేదు. అక్షరాలన్నీ నిటారుగా ఉన్నాయి. "పరిశీలించడమైనది" అని రాసి, ఫైల్లో పెట్టి, సంతకం చేశాను.

ఈసారి సంతకం వంకరగా కూడా పడలేదు.