పసుపు కోటు కనబడేదాకా

మానవజాతి కనిపెట్టిన పరిపాలనా పద్ధతుల్లో లోపమన్నదే లేనిది ఒక్కటుంది: పరాయి దేశపు కొండల్లో ఏడు మోటార్ సైకిళ్ళను ఒక్కటీ తప్పిపోకుండా నడిపించే పద్ధతి. అందరికంటే ముందు దళపతి వెళతాడు. మలుపు రాగానే అతని వెనకవాడు బండి ఆపి, చెయ్యి చాపి, మిగతావాళ్ళకు దారి చూపిస్తూ నిలబడతాడు. ఆఖరున వచ్చేవాడు పసుపు కోటు వేసుకుంటాడు. ఆ కోటు దాటాకే మలుపు దగ్గరవాడు కదలాలి. అంతే. (ఈ 'అంతే'ను సూపరింటెండెంటు గారు నలభై రెండు నిబంధనలుగా, మూడు అనుబంధాలుగా రాసి అందరిచేతా సంతకాలు పెట్టించారు.)

సూపరింటెండెంటు గారు రికార్డుల ఆఫీసులో ఇరవై ఆరేళ్ళుగా కిటికీకి లోపలివైపు ఉన్న మనిషి. ఈ యాత్ర కోసం పదకొండేళ్ళు సెలవులు కూడబెట్టారు. ఆయనకు కావలసిందల్లా మూడోరోజు దారిలో వచ్చే పెద్ద కనుమ. అక్కడ నిలబడితే కాళ్ళకింద మబ్బులు, అటో లోయ, ఇటో లోయ. సాయంత్రం నాలుగింటికి గేటు మూసేస్తారు. మర్నాడు తిరుగు ప్రయాణం.

మూడోరోజు పన్నెండున్నరకు, కనుమ ఇంకా పన్నెండు కిలోమీటర్లుందనగా, దారి రెండుగా చీలింది. మలుపు దగ్గర నిలబడే వంతు ఆయనది. సన్నగా జల్లు పడుతోంది. ఆయన బండి ఆపి కుడిచెయ్యి చాపారు. నాలుగు బండ్లు దూసుకుపోయాయి. ఐదోది వచ్చి ఆగింది. దానిమీద ఆయన బావమరిది.

"పద బావా, నేనే ఆఖరు."

"కోటేదీ?"

"లోపలుంది. వానకదా, పైన రెయిన్‌కోటు తొడుక్కున్నా."

"లోపలున్నది లెక్కలోకి రాదు. పందొమ్మిదో నిబంధన. కోటు బయటికి కనబడాలి."

"నేను కనబడుతున్నానుగా!"

"నువ్వు కనబడి ఏం లాభంరా? నిన్ను పాతికేళ్ళుగా చూస్తూనే ఉన్నా. తీసి పైన వేసుకో."

"ఈ వానలోనా? మా అక్క నీతో ఎలా వేగుతోందో ఆ దేవుడికే తెలియాలి. నిలబడు బావా, నిలబడు! కాకులు వాలకుండా చూసుకో."

బావమరిది వెళ్ళిపోయాడు. సూపరింటెండెంటు గారికి కోపం రాలేదు. వెళ్ళినవాడు బావమరిది మాత్రమే. ఆఖరివాడు ఇంకా రావాలి.

ఒకటిన్నరకు ఫోను మోగింది. దళపతి. (ఊళ్ళో పళ్ళ డాక్టరు. నోరు తెరిచినవాళ్ళను ఆజ్ఞాపించడం అలవాటు కాబట్టి దళపతి అయ్యాడు.)

"ఎక్కడున్నారు సార్? మేమంతా కనుమమీదున్నాం. అబ్బ, ఏముందండీ బాబూ!"

"మలుపు దగ్గరున్నాను. ఆఖరివాడు రాలేదు."

"ఆఖరివాడు నా పక్కనే కూర్చుని జీడిపప్పు తింటున్నాడు!"

"కావచ్చు. కానీ నిబంధన సడలించాలంటే ఏడుగురూ ఒకచోట కూర్చుని తీర్మానించాలి. ముప్ఫై ఒకటో నిబంధన."

"మీరు అక్కడుంటే ఇక్కడ ఏడుగురం ఎలా అవుతాం సార్?"

"నేనూ అదే ఆలోచిస్తున్నా."

ఫోను పెట్టేశాక ఆయన చుట్టూ చూశారు. మనిషన్నవాడు లేడు. గట్టుమీద ఒక ఆవు ఉంది, దానికీ ఆయనమీద ఆసక్తి లేదు. బండెక్కి వెళ్ళిపోతే అడిగేవాడెవడు? కానీ కంచే చేను మేస్తే ఇక రాసిన నలభై రెండూ ఎందుకు? చెయ్యి లాగేస్తోంది. ఎడమచెయ్యి మార్చుకుందామనుకున్నారు గానీ, రెండో అనుబంధంలో కుడిచెయ్యి అనే ఉంది.

రెండున్నరకు రోడ్ల శాఖ జీపు ఆగింది. అందులోంచి దిగిన ఇన్‌స్పెక్టరమ్మ ఆయన చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, ఎత్తు కొలిచి, ఫోనులో ఏదో చెప్పింది. ఫోను దాన్ని తెలుగులో వినిపించింది: "రెండు గంటలు కదలకుండా దారి చూపే ఏ వస్తువైనా మా శాఖ లెక్కలో రోడ్డు గుర్తు. మీకు నంబరు వెయ్యాలి."

భుజానికి నంబరు అంటించి, ఒక కాగితంమీద నమోదు చేసింది. సూపరింటెండెంటు గారి కళ్ళు చెమర్చాయి. ఇన్నాళ్ళకు ఈ లోకంలో తనను అర్థం చేసుకున్న మనిషి కనబడింది. నకలు ఒకటి ఇప్పించమని అడిగారు. ఆమె రెండిచ్చింది.

మూడూ యాభైకి బావమరిది తిరిగొచ్చాడు. వాన వెలిసి గంటయింది. అయినా రెయిన్‌కోటు అలాగే ఉంది, దానిమీద బిగుతుగా పసుపు కోటు. వెనకదారిలోకి వెళ్ళి, బండి తిప్పుకుని, పద్ధతిగా ఆయన ముందునుంచి దాటాడు.

"ఇప్పుడైనా కదులుతావా మహానుభావా?"

ఆయన కదిలారు. పుట్టి బుద్ధెరిగాక అంత వేగంగా బండి నడపలేదు. గేటు చేరేసరికి నాలుగూ ఐదు. కాపలావాడు తాళంచెవి జేబులో వేసుకుంటున్నాడు.

"ఐదు నిమిషాలేగా బాబూ! చాలా దూరంనుంచి వచ్చాం," అన్నారు సూపరింటెండెంటు గారు. ఆ వాక్యం ఆయనకు కొత్త కాదు, ఇరవై ఆరేళ్ళుగా రోజూ వింటున్నదే. అనడమే మొదటిసారి.

కాపలావాడు బోర్డు చూపించాడు. ఆయన ఫోనుచేత తెలుగు చేయించుకుని మొదటినుంచి చివరిదాకా చదివారు. ఎక్కడా వంక పెట్టడానికి లేదు. చాలా బాగా రాశారు.

లోయదారిన చుట్టూ తిరిగి బసకు చేరగానే ఇంటినుంచి భార్య ఫోను.

"కనుమ ఎలా ఉందండీ?"

ఆయన గొంతు సవరించుకున్నారు.

"అద్భుతంగా ఉన్నట్టు ఆరుగురు ధ్రువీకరించారు."