గొంతు గ్రంథికి గృహ పాలకవర్గం

మనిషి గొంతులో సీతాకోకచిలుకంత గ్రంథి ఒకటి ఉంటుంది. దాన్ని దారిలో పెట్టడం ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. దానికి శాఖలు కావాలి, అధికారులు కావాలి, అన్నిటికన్నా ముఖ్యంగా అత్తవారిల్లు కావాలి.

ఇంట్లోనే బట్టలు కుట్టే ఆ కోడలికి థైరాయిడ్ అని తేలింది. "మాత్ర ఒక్కటే చాలదమ్మా. వేళకు తిను, కాస్త నడువు, కంటినిండా నిద్రపో. మూడు నెలలయ్యాక మళ్లీ రక్తం చూద్దాం. అంకె దిగకపోతే మాత్ర పెంచాలి" అంది డాక్టరమ్మ. కంటినిండా నిద్ర అనగానే కోడలికి లాటరీ తగిలినట్టయింది. పెళ్లయ్యాక అంత మంచి మందు ఆమెకెవరూ రాయలేదు.

ఆ మాట ఇంటికొచ్చి చెప్పడమే ఆమె చేసిన పొరపాటు.

సాయంత్రానికల్లా పాలకవర్గం ఏర్పడింది. ఆహార శాఖను అత్తగారు చేపట్టారు. వ్యాయామ శాఖ భర్తకు దక్కింది (అర్హత: టీవీలో ఏ ఆటా వదలడు). నిద్ర శాఖను, ఆఫీసులో ఉద్యోగమున్నన్నాళ్లూ ఆ రంగంలో అనుభవం గడించిన మామగారికిచ్చారు. ప్రశాంతత శాఖకు ఎవరూ ముందుకు రాకపోవడంతో, అదనపు బాధ్యతగా కోడలికే అప్పగించారు.

"నూనె, తీపి తగ్గించి నీకు వేరేగా వండుకోవే" అని అత్తగారు తొలి ఉత్తర్వు జారీచేశారు.

"మరి మీకు, అత్తయ్యా?"

"మా గొంతులు బాగానే ఉన్నాయిగా! మాకు మామూలుగానే వండు."

ఆ విధంగా పూటకో వంట పూటకు రెండయింది. వేళకు తినడమనేది అందరూ తిన్నాక వచ్చే వేళకు వాయిదా పడింది.

"ఇవాళ నడిచావా?" అని భర్త సోఫాలోంచి తనిఖీ చేశాడు.

"పొద్దుట్నుంచీ కూర్చున్నదెప్పుడండీ? కూర్చున్నా మిషను తొక్కుతూనే ఉన్నాగా!"

"అది పని. నడకంటే చేతులు ఊపుకుంటూ నడవాలి."

"చేతుల్లో బకెట్లున్నాయి. ఊపితే నీళ్లు మీ మీద పడతాయి, ఫర్వాలేదా?"

నిద్ర శాఖకు మాత్రం వంక పెట్టడానికి లేదు. కోడలు కన్ను మూసిందో లేదో, తలుపు దబదబా మోగేది.

"అమ్మాయ్, నిద్ర పట్టిందా?"

"పట్టింది మామయ్యా. ఇప్పుడే వెళ్లిపోయింది."

"కంగారేం లేదు, మళ్లీ వచ్చి కనుక్కుంటాను."

(ఆ చప్పుడుకు పక్క వీధిలో పసిపిల్లలు కూడా లేచి, తమకింకా నిద్ర పట్టలేదని సంజాయిషీ ఇచ్చుకునేవారని వినికిడి.)

గడువు వచ్చింది. కోడలు పొద్దున్నే ఒక్కతే ఆస్పత్రికి వెళ్లింది (పాలకవర్గం ఇంకా పక్క దిగలేదు). టోకెన్ తీసుకుని బెంచీ మీద కూర్చుంది. తిన్నావా అని అడిగేవారు లేరు, నడిచావా అని అడిగేవారు లేరు. తల గోడకు ఆనించింది. పేరు పిలిచారు. మళ్లీ పిలిచారు. నర్సు సూది పట్టుకుని దగ్గరికొచ్చి, నోరు కాస్త తెరిచి నిద్రపోతున్న ఆ మొహం చూసి, వెనక్కి వెళ్లిపోయింది.

మెలకువ వచ్చేసరికి రక్తం తీసే వేళ దాటిపోయింది.

"లేపొచ్చు కదమ్మా!"

"డాక్టరమ్మ రాసిన మందే వేసుకుంటున్నారు. మధ్యలో ఎలా ఆపను?" అంది నర్సు.

ఇంట్లో అత్యవసర సమావేశం జరిగింది. "మేమిక్కడ నిద్ర మానుకుని కాపలా కాస్తుంటే, తను ఆస్పత్రికెళ్లి నిద్రపోతుందా!" అని మామగారు కళ్లు ఒత్తుకున్నారు. ఈసారి ముగ్గురూ వెంట వెళ్లి ఆమెను మెలకువగా ఉంచాలని నిర్ణయించారు. ఆరోగ్యం మీద ఆమెకు బొత్తిగా శ్రద్ధ లేదన్న తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.

వ్యతిరేకంగా చెయ్యెత్తవలసిన సభ్యురాలు అప్పుడు వంటింట్లో, సమావేశానికి టీ పెడుతోంది.