గున్నకు లోడ్ టెస్టు

శనివారం ఉదయం ఏడున్నరకు లిఫ్టుల ఇన్‌స్పెక్టరు వంటగది బల్ల మీద ఒక కాగితం పరిచాడు. పైన "లోడ్ టెస్టు" అని రాసుంది. కింద నాలుగు పద్దులు. ఒకటి, క్యూ. రెండు, జనం, గోల. మూడు, బొమ్మ: పదకొండింటికి, ఆఫీసు ముందు. నాలుగు, కోరింది దొరక్కపోవడం.

ఆయన పదహారేళ్ళుగా లిఫ్టులు తనిఖీ చేస్తున్నాడు. పదిమంది ఎక్కే లిఫ్టులో పన్నెండు మందికి సరిపడా ఇసుక బస్తాలు వేయించి, పైకీ కిందికీ తిప్పించి చూస్తే గాని సంతకం పెట్టడు. "ఏం కాదు సార్" అన్నవాళ్ళ లిఫ్టునైతే రెండుసార్లు తిప్పిస్తాడు. ఇప్పుడు ఆ బస్తాల కిందికి ఆయన కూతురు వచ్చింది.

కూతురికి రెండేళ్ళ ఎనిమిది నెలలు. అసలు పేరు వేరే ఉంది గాని, నడిచేటప్పుడు ఏనుగుపిల్లలా దారిలో ఉన్నవన్నీ తోసుకుంటూ పోతుంది కనుక ఇంటా బయటా అందరికీ గున్నే. సముద్రం ఒడ్డున కొత్తగా కట్టిన పెద్ద థీమ్ పార్కులో నాలుగు రోజులకు గదీ, టికెట్లూ ఆయన పేరున ఆపి ఉంచారు. సాయంత్రం ఆరులోపు అవునో కాదో తేల్చి చెప్పాలి. ఆయనకు నాలుగేళ్ళలో మొదటిసారి మంజూరైన సెలవు అది.

భార్య ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. డ్యూటీకి చెప్పులు వేసుకుంటూ అంది: "రెండేళ్ళ పిల్లకి అవన్నీ ఏం తెలుస్తాయండీ? గంటసేపు నిలబడి నిలబడి మన వంతు వచ్చేసరికి నిద్రపోతుంది. లేదా కిందపడి దొర్లుతుంది."

"అనుకోవడాలెందుకు? టెస్టు పెడదాం. పాసైతే వెళ్తాం. ఫెయిలైతే నేను మళ్ళీ ఆ మాటెత్తను."

"నిజంగా ఎత్తరా?"

"ఎత్తను" అన్నాడు. కాగితం అంచులు మళ్ళీ మళ్ళీ సర్దాడు. భార్య ఒకసారి తేరిపార చూసి వెళ్ళిపోయింది.

క్యూ కోసం ఆయన వెతికి వెతికి వాహన లైసెన్సుల ఆఫీసును ఎంచుకున్నాడు. అక్కడ కౌంటర్లు మూడున్నా తెరిచేది ఒక్కటే. అంత నిదానంగా కదిలే వరస ఏ పార్కులోనూ ఉండదని ఆయన అంచనా. పార్కులో జంతువుల వేషాలేసుకుని తిరిగే బొమ్మలను చూసి పిల్ల జడుసుకుంటుందేమో చూడాలి కనుక, బొమ్మ సంగతి బావమరిదికి అప్పగించాడు. పుట్టినరోజులకు అలంకరణలు చేసే అతని దగ్గర ఎలుగుబంటి వేషం ఒకటుంది.

"ఆ ఎండలోనా బావా?" అన్నాడు ఫోనులో.

"టెస్టంటే ఎండలోనే" అని ఈయన పెట్టేశాడు.

ఆఫీసు గుమ్మం పక్కన ఒక మిషను. మీట నొక్కితే టింగుమని నంబరు చీటీ వస్తుంది. గున్న నొక్కింది. టింగ్. చీటీని రెండు చేతులతో పట్టుకుని, తాళ్ళ మధ్య వంకర్లు తిరిగిన వరసలో ముప్ఫై అయిదు నిమిషాలు నాన్న పక్కన నిలబడింది. ముందున్నవాళ్ళ చెప్పులు లెక్కపెట్టింది. వెనకున్నవాళ్ళకు తన చెప్పులు చూపించింది. ఏడవలేదు.

కౌంటరు దగ్గర గుమాస్తా తలెత్తకుండా అడిగాడు: "ఏం కావాలి?"

"ఏమీ వద్దండీ."

గుమాస్తా తలెత్తాడు. "మరెందుకు నిలబడ్డారు?"

"నిలబడటానికే" అని నిజమే చెప్పి, ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకున్నాడు. పార్కులో వరస గంట. మీద పావుగంట వేసుకుంటే గంటంపావు. ఇంకా నలభై నిమిషాలు బాకీ. గున్న చేత ఇంకో టింగ్ కొట్టించి, వెళ్ళి వరస చివర నిలబడ్డాడు.

అక్కడ డ్రైవింగ్ స్కూలు నడిపే ఆవిడ ఉంది. శిష్యుల దరఖాస్తులు చంకలో పెట్టుకుని వారానికి మూడుసార్లు ఆ వరసలో నానే మనిషి. "ఏమయ్యా, మళ్ళీ వచ్చావేం? పని కాలేదా?" అంది.

"పనేం లేదమ్మా. ఎంతసేపు ఓర్చుకోగలమో చూద్దామని."

ఆవిడ ఆ మాటను ఒక నిమిషం నమిలింది. తర్వాత కార్లకు బ్రేకు వేయించే గొంతుతో అంది: "విన్నారా? ఎంతసేపు ఓర్చుకోగలమో చూస్తాడట! చంటిపిల్లను వెంటబెట్టుకుని ఒక్క కౌంటరు మీద నిరసన చేస్తున్నాడీయన. మనమేమో గొర్రెల్లా నిలబడ్డాం!"

"నిరసన కాదమ్మా, ఇది..."

"వద్దు బాబూ, దాచొద్దు. మేమున్నాం!"

హాలంతా ఒక్కసారి చప్పట్లు. ఇన్‌స్పెక్టరు నోరు తెరవబోయి, కాగితం వంక చూసి మూశాడు. రెండో పద్దు అడక్కుండానే వచ్చి పడింది. గున్న కూడా చప్పట్లు కొడుతోంది. జేబులోంచి పెన్సిలు తీసి టిక్కు పెట్టాడు.

ఆ తర్వాత కౌంటరు దగ్గరికి వెళ్ళిన ప్రతివాడూ "ఏమీ వద్దు" అని, మిషను దగ్గర కొత్త చీటీ తీసుకుని, వెనక్కొచ్చి నిలబడటం మొదలుపెట్టాడు. పావుగంటలో వరసకు తలా తోకా లేకుండా పోయింది. గుమాస్తా కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, లేచి లోపలికి పరిగెత్తాడు. మేనేజరు చొక్కా సర్దుకుంటూ బయటికొచ్చాడు.

"ఎవరండీ నాయకుడు?"

అందరి వేళ్ళూ ఇన్‌స్పెక్టరు మీదికి తిరిగాయి.

"అయ్యా, మీ డిమాండ్లేమిటో చెప్పండి, కూర్చుని మాట్లాడుకుందాం" అంటూ మేనేజరు ఆయన చేతిలోని కాగితం లాక్కుని చదివాడు. "లోడ్ టెస్టు... క్యూ... జనం, గోల... బొమ్మ, పదకొండింటికి, ఆఫీసు ముందు." అతని మొహంలో రంగు మారింది. "దిష్టిబొమ్మా? నా దిష్టిబొమ్మ తగలబెడతారా?"

గోడ గడియారం పదకొండు చూపిస్తోంది. గుమ్మంలో ఎలుగుబంటి ప్రత్యక్షమైంది.

వెన్ను మీది జిప్పు ఇరుక్కుపోయి, తల ఊడిరాక, చెమటకు కళ్ళు కనపడక, నీళ్ళ కోసం లోపలికొచ్చాడు బావమరిది. "తల తియ్!" అన్నాడు గుమ్మం దగ్గరి గార్డు. లోపలినుంచి "ఊఁ ఊఁ" అని వినిపించింది. గార్డు ఈల వేశాడు. ఎలుగుబంటి బెదిరి, వరస తాడు కాళ్ళకు చుట్టుకుని, మూడు స్తంభాలతో సహా హాలు మధ్యలో బోర్లా పడింది. అందరూ అరిచారు. మేనేజరు తన గదిలోకి దూరి గడియ పెట్టుకున్నాడు. ఇన్‌స్పెక్టరు గోడకు అతుక్కుపోయి, "ఆగండి! నాకే పనీ లేదు! నేను లిఫ్టులవాణ్ణి!" అని మొత్తుకున్నాడు. "లిఫ్టులు కూడా పెట్టాల్సిందే!" అంది డ్రైవింగ్ స్కూలావిడ.

గున్న మాత్రం జనం కాళ్ళ మధ్యనుంచి తోసుకుంటూ వెళ్ళి, ఎలుగుబంటి తల దగ్గర చతికిలబడి, చెప్పులు చూసి గుర్తుపట్టింది.

"మామయ్యా, లే. జో కాదు."

హాలు నవ్వింది. ఆ నవ్వులో గార్డు కూడా ఉన్నాడు. లోపలి గదిలో గడియ తీసిన చప్పుడైంది. అయిదు నిమిషాల్లో మూడు కౌంటర్లూ తెరుచుకున్నాయి.

గార్డు ఫోను చేస్తే భార్య తెల్లకోటుతోనే వచ్చింది. భర్త మెట్ల మీద కూర్చుని నీళ్ళు తాగుతున్నాడు. మెడా మొహమూ చెమట. లోపల గున్న మీట నొక్కుతోంది. టింగ్. టింగ్. ఆ పైన మిషనులో కాగితం అయిపోయింది. గున్న ఇంకోసారి నొక్కి చూసి, "అయిపోయింది" అని చేతులు దులుపుకుని బయటికొచ్చింది. ఇన్‌స్పెక్టరు నాలుగో పద్దుకు నీరసంగా టిక్కు పెట్టాడు.

"అయితే అన్నీ పాసే కదా. ఆ మొహమేం?" అంది భార్య.

"ఒక్కటి రాయడం మర్చిపోయాను. దాన్నే అడగలేదు. ఇందాక అడిగా, పెద్ద పెద్ద ఉయ్యాలలుంటాయి, వెళ్దామా అని. వద్దంది. టింగ్ కావాలంది." కాగితం నాలుగు మడతలు పెట్టాడు. "వద్దని చెప్పేస్తాలే."

భార్య పక్కన కూర్చుంది. "నేను రోజుకి అరవైమందిని లోపలిదాకా చూస్తాను. నా దగ్గర దాచకండి. వెళ్ళాలని ఎవరికుంది?"

ఆయన గ్లాసు మెట్టు మీద పెట్టాడు. "ఏడేళ్ళప్పుడు మా ఊరికి జెయింట్ వీల్ వచ్చింది. ఎత్తు చాలదని నన్ను ఎక్కనివ్వలేదు. మళ్ళీ వచ్చినప్పుడు ఎక్కుదువులే అన్నాడు నాన్న. మళ్ళీ రాలేదది. తర్వాత చదువు, ఉద్యోగం... ఎక్కినవన్నీ లిఫ్టులే."

భార్య నవ్వలేదు. గున్నను ఒళ్ళో కూర్చోబెట్టుకుని అడిగింది: "అమ్మా నాన్నా ఊరెళ్తే, రెండ్రోజులు అమ్మమ్మ దగ్గర, మామయ్య దగ్గర ఉంటావా?"

"మామయ్య టింగ్?"

"రోజుకోసారి తీసుకెళ్తా" అన్నాడు బావమరిది. జిప్పు ఇంకా రాకపోవడంతో, కత్తెర కోసం ఎదురుచూస్తూ వాళ్ళ పక్కనే కూర్చున్నాడు.

"టాటా" అంది గున్న.

అయిదూ నలభైకి భార్యే పార్కుకు ఫోను చేసింది. "నాలుగు కాదు, రెండు రోజులు చాలు. పెద్దవాళ్ళు ఇద్దరు. లేదండీ, పిల్లలెవరూ లేరు."

మరుసటి వారం, సముద్రం ఒడ్డున, అన్నిటికంటే ఎత్తయిన జెయింట్ వీల్ ముందు ఇద్దరూ వరసలో నిలబడ్డారు. ఇరవై నిమిషాలు గడిచాయి. ఇన్‌స్పెక్టరు ఒక కాలి మీదినుంచి ఇంకో కాలి మీదికి మారుతూ, "ఇంకా ఎంతసేపు?" అని మూడోసారి అడిగాడు.

భార్య సంచిలోంచి ఒక బిస్కెట్టు తీసి ఆయన చేతిలో పెట్టింది.