నెట్‌వర్క్ పరామర్శ సంఘం

మా కంపెనీ నెట్‌వర్క్ పనితీరును గ్రాఫుగా గీసే సాధనం ఎంపిక దిగ్విజయంగా ముగిసిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ని కాబట్టి, ఎంపిక సంఘంలో రాతపని నాకే అప్పగించారు.

ఈ ఎడారి దేశంలో మా పనివాళ్లుండే సల్మాబాద్ క్యాంపు నుంచి, సెలవులు మంజూరు చేసే బుదైయా ఆఫీసుకి కాగితాలు మొదట్లో కంపెనీ బస్సులో వెళ్లేవి. డ్రైవరు జేబులో పెట్టుకెళ్లి ఇచ్చేసేవాడు. ఇది నాగరికత కాదని తొంభై ఏడులో రెండు చోట్లా కంప్యూటర్లు పెట్టి, మధ్య లైను వేయించారు. బస్సులో కాగితాలు నిషేధించారు. అప్పట్నుంచి కాగితాలు ఆధునికంగా ఆగిపోతున్నాయి.

అలా ఆగినవాటిలో మేస్త్రీ గంగన్నది ఒకటి. భార్య సరితకు నెలలు నిండాయి. కాన్పు వేళకు ఊళ్లో ఉండాలని అతని ఆరాటం.

"సారూ, నా లీవు కాయితం పోయిందా?"

"పోతోంది గంగన్నా. ఎక్కడ ఆగుతోందో చూసే సాధనాన్నే ఎంచుతున్నాం."

"బస్సుల ఇస్తె పొద్దుగాలనే ముట్టేది గద సారూ!"

ప్రగతి మీద అతనికి నమ్మకం తక్కువ.

మేనేజరు శ్రీనివాసరాజుగారు మూడు సాధనాలు తెప్పించారు. ఒకటి ఖరీదైనది, ఒకటి ఉచితం, ఒకటి ఆయన బావమరిది అమ్మేది. మూడింటి పనీ ఒకటే: ప్రతి కంప్యూటర్నీ లైను మీద "బాగున్నావా?" అని అడగడం, జవాబుకి ఎంతసేపు పట్టిందో గీత గీయడం. పక్షపాతం ఉండకూడదని మూడింటినీ ఒకేసారి వదిలాం. అవి ఒకదాన్నొకటి కూడా పలకరించుకోసాగాయి. జ్వరపడ్డవాడి మంచం చుట్టూ మూడు వీధుల చుట్టాలు చేరినట్టయింది. లైను జవాబులు చెప్పడంలో మునిగి, కాగితాలు మోయడం పూర్తిగా మానేసింది.

గీత మాత్రం నిట్టనిలువుగా లేచింది. రాజుగారు మురిసిపోయారు.

"నెట్‌వర్క్ డౌన్, డౌన్ అని ఏడ్చారు కదా! చూడండి, ఎలా ఎక్కుతోందో!"

"అది ఆలస్యమండీ," అన్నాను.

"ఏదైతే ఏంటయ్యా, ఎదుగుదలే కదా!"

గీతను అన్నిటికంటే ఎత్తుకెక్కించిన బావమరిది సాధనం ఏకగ్రీవంగా నెగ్గింది. "పరామర్శ మన సంస్కృతి. దాన్ని యంత్రాలకు నేర్పిన ఘనత మనది!" అని రాజుగారు సభలో ఉపన్యసించారు. కేకు కోయడానికి బల్ల కావాల్సొచ్చి, సాధనాలు నడుస్తున్న కంప్యూటర్ని కాసేపు ఆపి కింద పెట్టాం. ఆ కాసేపట్లోనే లైను తెరిపిన పడి, గంగన్న కాగితం బుదైయా చేరింది. కేకు అయిపోకముందే జవాబూ వచ్చింది: "కోరిన సెలవు మంజూరు చేయడమైనది. సదరు సెలవు గురువారంతో ముగిసినది. వెంటనే డ్యూటీలో చేరవలెను."

గంగన్న అప్పటికే డ్యూటీలో ఉన్నాడు కాబట్టి ఆదేశం తక్షణం అమలైంది.

ఆ సాయంత్రం ఫోన్ బూత్ దాకా అతనికి తోడు వెళ్లాను. అవతల తల్లి చంద్రవ్వ గొంతు నాక్కూడా వినిపిస్తోంది.

"పోరగాడు పుట్టి వారం దినాలాయె. నువ్వెప్పుడొస్తవ్ కొడుకా?"

"నా లీవు అయిపోయిందే అవ్వా. గీడనే గడిచింది."

ఆమెకు అర్థమైనట్టు లేదు. "మంచిగున్నవా మరి?" అంది.

"మంచిగున్ననే."

జవాబుకు రెప్పపాటు కూడా పట్టలేదు. మా సాధనం చూసి ఉంటే, గీత నేలమీంచి లేచేది కాదు. లైను దివ్యంగా ఉందని రాసుకునేది.

మీరూ అక్కడ క్షేమమని తలుస్తాను. ఎవరైనా అడిగితే తడుముకోకుండా చెప్పండి. లేకపోతే గ్రాఫు పాడవుతుంది.