దంపతుల డాక్టరుకి అర్హత పరీక్ష

పోట్లాడుకోవడం భార్యాభర్తల ప్రాథమిక హక్కు. కానీ ఆ పోట్లాట వినే డాక్టరుకి మాత్రం అర్హత ఉండి తీరాలి. మా బ్యూనస్ ఐరిస్ నగరం ఈ సూత్రం మీదే నడుస్తోంది. (బస్సులు మాత్రం వాటి ఇష్టం మీద నడుస్తాయి.)

మా ఊళ్ళో మనిషికో మానసిక వైద్యుడుంటాడు. నాకు పంతొమ్మిదేళ్ళుగా డాక్టర్ సిల్బర్‌మన్, మా ఆవిడ ఎల్విరాకి పన్నెండేళ్ళుగా డాక్టర్ పెరాస్సో. కిందటి ఏప్రిల్లో ఎల్విరా మాతే కషాయం తాగడం ఆపి అంది:

"రూబెన్, నేను మాట్లాడితే గోడకి చెప్పినట్టే ఉంటోంది. ఇద్దరం కలిసి ఒక డాక్టరు దగ్గరికెళ్దాం. ఎవరైనా సరే. ఫిబ్రవరి లోపల. ఆ తర్వాత నా దారి నాది."

ఫిబ్రవరిలో వైద్యులందరూ మూకుమ్మడిగా సముద్రతీరానికి పోతారు, కాబట్టి గడువు న్యాయమే. "ఎవరైనా సరే" అన్నదే నాకు నచ్చలేదు. ఇరవై రెండేళ్ళ కాపురాన్ని దారినపోయే దానయ్య చేతిలో పెడతామా?

అందుకని దంపతుల చికిత్సకుల అర్హతా నిర్ధారణ కార్యాలయానికి వెళ్ళాను. అక్కడి అధికారి బెర్ముదెస్ నిబంధనలు చదివాడు. డాక్టరు పట్టా కావాలి, ఆ డాక్టరుకి వైద్యం చేసే డాక్టరు పట్టా కూడా కావాలి. పైగా సిల్బర్‌మన్, పెరాస్సో ఇద్దరూ ఒప్పుకోవాలి. (వాళ్ళవి వేర్వేరు వైద్య సంప్రదాయాలు, ఒకే లిఫ్టు ఎక్కరు.)

"డాక్టరుగారి సొంత కాపురం బాగుంటే?" అనడిగాను.

"అనుభవం చాలదని అభ్యంతరం వస్తుందండీ."

"విడాకులైపోయుంటే?"

"అనుభవం ఎక్కువైందని వస్తుంది."

ఇంత పకడ్బందీ వ్యవస్థ చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. రోజూ సాయంత్రం డాక్టర్ల పట్టాలు ఆరా తీస్తూ ఫోన్లు చేసేవాణ్ణి. ఎల్విరా ఏదో చెప్పబోతే, "ష్, మన కాపురం పనిమీదే ఉన్నా" అనేవాణ్ణి.

ఆగస్టులో తనే ఒక పేరు తెచ్చింది. "పై అంతస్తు వాళ్ళని బాగుచేసింది ఈవిడే. ఇప్పుడు చేతులు పట్టుకుని కుక్కని తిప్పుతున్నారు, చూశావా?"

"ఆవిడ పట్టా మీద ముద్ర సరిగ్గా పడలేదు."

"పెళ్ళికి ముందు నీ పట్టా చూడాల్సింది నేను!"

జనవరి ముప్పై ఒకటిన, నలభై ఒక్క మందిలో ఒక్కరు నెగ్గారు. ఇక మా ఆలుమగలిద్దరి సంతకాలే తరువాయి. బెర్ముదెస్ ఆఫీసు నుంచే ఇంటావిడకి ఫోన్ చేశాను.

"ఎల్విరా, దొరికారు! వచ్చి సంతకం పెట్టు."

"నేను రొసారియోలో మా అక్క దగ్గరున్నాను. వచ్చి మూడు రోజులైంది."

"నాకు చెప్పలేదేం?"

"మూడుసార్లు చెప్పాను. మూడోసారి, 'సరే, వచ్చేటప్పుడు బ్రెడ్డు పట్రా' అన్నావు. ఫోన్ చెవిలో పెట్టుకునే నా పెట్టె లిఫ్టు దాకా మోశావు కూడా."

ఆ మూడు రోజులూ ఇల్లు ప్రశాంతంగా ఉంటే, కాగితాలు సర్దుకోవడానికి వీలుగా ఉందనుకున్నాను. ఏడుపొచ్చింది. అందరి ముందూ ఏడ్చాను.

బెర్ముదెస్ మంచివాడు. రుమాలు ఇచ్చి, పక్కనే ఉన్న ఒంటరివాళ్ళ నమోదు కౌంటర్ చూపించాడు. అక్కడ క్యూ లేదు. పది నెలల్లో మొదటిసారి నా పని ఐదు నిమిషాల్లో అయిపోయింది, అర్హతలేవీ అడగలేదు.