దూది అధ్యక్షుల వారి పట్నం పర్యటన

ఒక పెద్ద అడవి ఉండేది. పెద్దదే గానీ, ఆ ఏడు అందులో గుక్కెడు నీళ్ళకు కటకట. వాగు ఎండిపోయింది. ఒక్క గుంటలో మాత్రం అడుగున కాసిని నీళ్ళు మిగిలితే, వాటిని పసికూనల కోసం దాచి లేడిని కాపలా పెట్టారు. లేడి కూనకైతే అప్పటికే లేచి నిలబడే ఓపిక లేదు.

పట్నంలో ఉన్న నీటి ఆఫీసరు తూము ఎత్తితే వాగు పారుతుంది. ఎవరు వెళ్ళి అడగాలన్నదే గొడవ. పాత అధ్యక్షుడు తోడేలు, అంతకుముందు అధ్యక్షుడు అడవిపంది, ఇద్దరూ అడవిని నమిలి మింగినవాళ్ళే.

"ఈసారి తినని అధ్యక్షుణ్ణి పెట్టుకుందాం" అంది నక్క.

పిక్నిక్‌కొచ్చిన వాళ్ళ జీపులోంచి జారిపడ్డ ఎలుగుబంటి బొమ్మ ఒకటి దానికి దొరికింది. లోపలంతా దూది. బూరెల్లాంటి బుగ్గలు, మూతి మీద కుట్టిన నవ్వు.

"తినదు, తిట్టదు, ఎదురుచెప్పదు. ఇంకేం కావాలి?"

అందరూ చప్పట్లు కొట్టారు. లేడి మాత్రం, "మరి మాట్లాడుతుందా?" అని అడిగింది.

"దాని తరఫున మాట్లాడ్డానికి కార్యదర్శిని నేను లేనూ!"

మర్నాడు పొద్దున్నే నక్క బొమ్మను భుజానేసుకుని పట్నంలో దిగింది. ఆఫీసుకు వెళ్ళే దారిలో బజ్జీల బండి కనిపించింది. ఇంకేముంది, పళ్ళెం బొమ్మ ముక్కు దగ్గర పెట్టి, దేవుడికి నైవేద్యం చూపించినట్టు ఓసారి తిప్పి, "అధ్యక్షుల వారు ఆరగించారు" అని తనే లాగించేసింది. తర్వాత పూతరేకులు, కారప్పూస, కజ్జికాయలు, చాయ్‌లో ముంచిన బిస్కట్లు. చెరువు గట్టున బొమ్మ పక్కన నిలబడి ఫోటోలు కూడా దిగింది. అధ్యక్షుల పర్యటన అన్నాక అడిగే నాథుడెవడు?

సాయంత్రానికి ఆఫీసుకు చేరారు. ఆఫీసరు దున్నపోతు నీళ్ళతొట్టిలో మెడదాకా మునిగి ఫైళ్ళు చూస్తోంది.

"అడవిలో కరువండీ" అంది నక్క, త్రేన్చుతూ.

దున్నపోతు బొమ్మను ఎగాదిగా చూసింది.

"మీ అధ్యక్షుడు ఈయనేనా? ఇంత బొద్దుగా, ఇంత నవ్వుతూ ఉంటే కరువెక్కడిదయ్యా? మా పట్నంలో వాళ్ళకే ఈ కళ లేదు. తూము ఎత్తేది లేదు, వెళ్ళిరండి."

నక్క సరేనని బొమ్మను భుజానేసుకుని లేచింది. దాని కడుపు నిండుగా ఉంది మరి.

అడవికి తిరిగొచ్చి, "చర్చలు స్నేహపూర్వకంగా జరిగాయి" అని ప్రకటించింది.

"తూము ఎత్తుతారా?" అంది లేడి.

"పరిశీలిస్తామన్నారు."

లేడికి ఒళ్ళు మండిపోయింది. విసవిసా గుంట దగ్గరికి వెళ్ళి కాపలా నిలబడింది.

కాసేపటికి ఆ కారం, ఆ తీపి కలిసి నక్క పని పట్టాయి. నాలుక పిడచగట్టుకుపోయి, అది గుంట దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"ఆగండి కార్యదర్శిగారూ" అంది లేడి. "అధ్యక్షుల వారు పుచ్చుకోకుండా మీరెలా తాగుతారు?"

"ఓస్, అంతేగా" అంటూ నక్క బొమ్మను తెచ్చి దానికి నీళ్ళు చూపించబోయింది. లేడి చటుక్కున బొమ్మను గుంటలోకి నెట్టి, కాలితో తొక్కిపట్టింది. దూది కదా, ఉన్న నీళ్ళన్నీ పీల్చేసుకుంది.

"పాపం, అధ్యక్షుల వారికి బాగా దాహంగా ఉన్నట్టుంది" అంది లేడి.

నక్క గుంటలో బురద నాకుతుంటే, లేడి బొమ్మను పైకి లాగి, రాతి అంచున పెట్టి గిట్టతో నొక్కింది. కింద పడుకుని ఉన్న లేడి కూన నోరు తెరిచింది. నీళ్ళు ధార కట్టాయి. వెనకాలే మిగతా కూనలన్నీ వరసలో నిలబడ్డాయి. అధ్యక్షుల వారు అప్పుడూ నవ్వుతూనే ఉన్నారు.

కాబట్టి నాయకుణ్ణి ఎన్నుకునేటప్పుడు మాట్లాడతాడా, తింటాడా అని ఆరా తీయకండి. పిండితే ఏమైనా దిగుతుందేమో చూసుకోండి, చాలు.