ఇంగ్లండ్‌ను వీపుతో చూడడం ఎలా?

దేశాన్ని కళ్లతో చూడడం పాత పద్ధతి. కళ్లతో చూస్తే కళ్లు నొప్పి పెడతాయి, ఇంటికొచ్చి చెబితే ఎవరూ నమ్మరు. నా మాట వినండి, దేశాన్ని వీపుతో చూడాలి! నేను ఇంగ్లండ్‌ను అలాగే చూసొచ్చాను. ఆరు రోజుల టూరులో ఐదు రోజులు అచ్చంగా వీపుతోనే చూశాను.

నా పేరు నరసింగరావు. రాజాంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఇరవయ్యారేళ్లుగా ఇంగ్లిషు చెబుతున్నాను. కాలేజీ పేరు నేను చెప్పక్కర్లేదు. బస్సు దిగి తల పైకెత్తితే ఏ కరెంటు స్తంభమైనా చెబుతుంది. మొన్న జూన్‌లో మా ఛైర్మన్ నారాయణమూర్తి గారు పద్దెనిమిది మంది విద్యార్థుల్నీ, వాళ్లకు కాపలాగా నన్నూ ఇంగ్లండ్ స్టడీ టూరుకు పంపారు. మా అందరికీ కాపలాగా బేనర్‌ని పంపారు.

పది అడుగుల పొడవు, నాలుగు అడుగుల ఎత్తు ఫ్లెక్సీ. రెండు చివర్లా ఇనప గొట్టాలు. ఎడమ పక్క నవ్వుతున్న ఛైర్మన్ గారు, కుడి పక్క ఆలోచిస్తున్న ఛైర్మన్ గారు. మధ్యలో ‘రాజాం నుంచి లండన్ దాకా... అడ్మిషన్లు జరుగుచున్నవి!’. ఎయిర్‌పోర్టులో నా పెట్టె ఎటో పోయింది గానీ, బేనర్ మాత్రం క్షేమంగా దిగింది.

రూలు ఒక్కటే. ప్రతి ఫోటోలోనూ బేనర్ పూర్తిగా పడాలి, పద్దెనిమిది తలకాయలూ పడాలి, ఇంకా చోటు మిగిలితే ఇంగ్లండ్ పడాలి. సాయంత్రానికల్లా ఫోటోలు వాట్సాప్‌లో పంపాలి. మర్నాటికి అవి రాజాంలో ఫ్లెక్సీలై వేలాడతాయి. బేనర్ ఫోటోతో ఇంకో బేనర్! విద్య అంటే పెరగడమే కదా?

దీనివల్ల ఎన్ని లాభాలో చూడండి. పెద్ద గడియారం దగ్గరికి వెళ్లాం. అందరం దానికి వీపు చూపించి నిలబడ్డాం. గరివిడి నుంచి వచ్చిన నరేష్ అనే కుర్రాడు ఉండబట్టలేక వెనక్కి తిరిగి, “సార్, టైము ఎంతయిందో సూత్తన్నాను” అన్నాడు. ఫోటో పాడైంది. మళ్లీ తీశాం. టైము నీ ఫోనులో లేదా నాయనా? గడియారం చూడడానికి ఇంత దూరం రావాలా?

తర్వాత నది మీద వంతెన. పెద్ద ఓడ వస్తే ఆ వంతెన రెండుగా విడిపోయి పైకి లేస్తుందట. మేం బేనర్ పట్టుకుని ఈ గట్టున నిలబడ్డప్పుడే అది లేచిందట! చుట్టుపక్కల జనమంతా చప్పట్లు కొట్టారు. మా బేనర్‌కే కొడుతున్నారనుకుని మేం చేతులూపాం. అసలు సంగతి సాయంత్రం ఫోటోలు పంపేటప్పుడు తెలిసింది. మర్యాద పోయిందా? ఏమీ పోలేదు. మేం చేతులూపింది ఎవరికో ఫోటోలో తెలియదు కదా!

మ్యూజియంలో ఇంకా సుఖం. రెండువేల ఏళ్ల నాటి రాతి విగ్రహం ముందు బేనర్ పట్టుకుంటే పాదాలు మాత్రమే కనబడ్డాయి. ఎవరి పాదాలో చరిత్రకారులు తేల్చుకుంటారు. పైగా బేనర్‌కి వేరే ఉపయోగాలూ ఉన్నాయి. వానొస్తే దాని కింద ఎనిమిది మంది దూరవచ్చు. పార్కులో పరుచుకుని పులిహోర తినవచ్చు. ఆ రోజు ఆలోచిస్తున్న ఛైర్మన్ గారి మీసం మీద ఆవకాయ నూనె పడింది. ఎంత తుడిచినా పోలేదు. తర్వాతి ఫోటోల్లో ఆయన ఇంకా లోతుగా ఆలోచిస్తున్నట్టు వచ్చారు.

ఇంత చక్కగా సాగుతున్న టూరుకి ఐదో రోజు ఆటంకం వచ్చింది. దాని పేరు నాటకం.

ఆ నాటకం మా డిగ్రీ సిలబస్‌లో ఉంది. రాజు యుద్ధం కోసం రేవులో పడవలన్నీ లాక్కుంటాడు. పడవవాడి కూతురు ఆయన ఎదురుగా నిలబడి పన్నెండు లైన్లు మాట్లాడుతుంది. ఆ పన్నెండు లైన్లకు ఐదు మార్కులు. ఎవరు, ఎవరితో, ఎప్పుడు అన్నారు? ఇరవయ్యారేళ్లుగా నేను చెప్పింది అంతే. ఎలా అన్నారో నాకే తెలియదు. ఒక్క ఇంగ్లిషు నాటకం కూడా నేను చూసి ఎరగను. నిజం చెబుతాను, ఆ మధ్యాహ్నం ఆట కోసమే నేను ఈ టూరుకు ఒప్పుకున్నాను. రాజాంలోనే చొక్కా ఇస్త్రీ చేయించి, పెట్టె పోతే పోనీ అని దాన్ని చేతి సంచిలో పెట్టుకు తెచ్చాను.

తలుపు దగ్గర ఒక ముసలావిడ మమ్మల్ని ఆపింది. ఫోన్లు కట్టేయాలి. సరే. ఫోటోలు తీయకూడదు. సరే. ఇనప గొట్టాలు లోపలికి రాకూడదు. సామాన్లు దాచే గదిలో పదడుగుల వస్తువు పట్టదు. పోనీ వరండాలో వదిలేద్దామంటే, యజమాని లేని సామాను కనబడితే పోలీసులకు ఫోన్ చేస్తారట.

“నేనుంటాను సార్, మీరెల్లండి” అన్నాడు నరేష్. మిగతా వాళ్లూ నేనుంటానంటే నేనుంటానన్నారు. పిల్లల్ని బయట నిలబెట్టి మాస్టారు నాటకం చూస్తాడా? అందర్నీ లోపలికి తోసి, తలుపు పక్క బెంచీ మీద కూర్చున్నాను. నేనూ, నా పక్కన ఇద్దరు ఛైర్మన్లూ. లోపల్నుంచి మాటలు గుసగుసల్లా వచ్చేవి. ఎంత చెవి రిక్కించినా ఏ సీను నడుస్తోందో తెలిసేది కాదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. కానీ బేనర్ క్షేమంగా ఉంది, అది ముఖ్యం.

గంటన్నర గడిచాక లోపల్నుంచి ఒక్క కేక వినబడింది.

“వన్స్‌మోర్!”

ఆ గొంతు నాకు తెలుసు. శ్రావణిది. భావనపాడులో సముద్రం మీద చేపల వేటకెళ్లే వాళ్ల అమ్మాయి, మా రెండో సంవత్సరం విద్యార్థిని. మన వైపు పద్యనాటకం చూసిన వాళ్లకు నేను వివరించక్కర్లేదు. పద్యం బాగుంటే వన్స్‌మోర్ అనాలి. అనకపోతే నటుడు నొచ్చుకుంటాడు, హార్మోనియం ఆయన మనల్ని అదోలా చూస్తాడు. ఇక్కడ మాత్రం ముసలావిడ గుండె పట్టుకుంది.

ఆట అయ్యాక పిల్లలు బయటికొచ్చారు. అందరి ముఖాలూ వెలిగిపోతున్నాయి. శ్రావణి మాత్రం తల దించుకుని వచ్చింది.

“తప్పయిపోనాది సార్. పడవోడి కూతురు ఆ లైన్లు సెప్పగానే, మా ఊరి నాటకమనుకుని నోరు జారిపోనాను. అందరూ నాకేసే సూసినారు.”

“ఆ వేషం వేసినావిడ కోప్పడిందా?”

“లేదండి! ఆగి, నవ్వినాది. ఆట అయిపోయి అందరూ దండాలెడతన్నప్పుడు ముందుకొచ్చి, మేం కూకున్న పై వరసకేసి సూసి, మళ్లీ మొత్తం సెప్పినాది సార్!”

అంటే ఆ పన్నెండు లైన్లూ రెండుసార్లు చెప్పారన్నమాట. రెండుసార్లు చెప్పినా ఒక్కసారీ చూడని ఇంగ్లిషు మాస్టారు ఆ భవనంలో నేనొక్కడినే!

నా ముఖంలో ఏం కనబడిందో గానీ, బస్సెక్కాక పిల్లలు నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టారు. శ్రావణి నడవాలో నిలబడి రెండు పక్కలా సీట్లు పట్టుకుంది. ఆ లైన్లు మొదలుపెట్టింది. పడవ తీసుకుపో రాజా, దాన్ని నమ్ముకుని గట్టున నిలబడ్డ మమ్మల్ని ఎక్కడ పెడతావు అని అడుగుతుంది నాటకంలో పిల్ల. శ్రావణి మాత్రం నటించలేదు. వాళ్ల అమ్మ తవిటమ్మ తుఫాను రోజున గట్టు మీద ఎలా నిలబడుతుందో అలా నిలబడి, భావనపాడు యాసలో, ఆ ఇంగ్లిషు అంది. ఇరవయ్యారేళ్లు నేను ఐదు మార్కులిచ్చిన మాటలు అవేనా? నా కళ్లు నిండిపోయాయి.

“వన్స్‌మోర్!” అన్నాను. బస్సు డ్రైవరు ఉలిక్కిపడ్డాడు. శ్రావణి మళ్లీ చెప్పింది.

హోటలు దగ్గర దిగాక లెక్కపెడితే పద్దెనిమిది మందీ ఉన్నారు. బేనర్ లేదు. బెంచీ మీదే మరిచిపోయాను. మరిచిపోయాననే రాసుకోండి. ఈపాటికి ఛైర్మన్ గారు ఇద్దరూ లండన్ పోలీసుల దగ్గర భద్రంగా ఉండి ఉంటారు.

ఇప్పుడు అసలు సంగతి. నాకు కాలేజీ మెమో ఇచ్చింది. బేనర్ గురించి కాదు, అది రాజాంలో గంటలో ఇంకోటి వేస్తారు. ‘ఆరవ రోజు ఫోటో ఒక్కటి కూడా పంపలేదు. ఆ దినమంతయు మీరు, విద్యార్థులు ఏమి చేయుచుంటిరో మూడు రోజులలో లిఖితపూర్వకముగా తెలుపవలెను’ అన్నారు. ఇవాళ మూడో రోజు. నా జవాబు ఇదే అనుకోండి.

అయ్యా! ఆరో రోజు పొద్దున్నే మళ్లీ ఆ వంతెన దగ్గరికి వెళ్లాం. గట్టు మీద కూర్చున్నాం. ఓడ వచ్చింది, వంతెన లేచింది. ఈసారి పద్దెనిమిది మందీ దానివైపే తిరిగి ఉన్నారు. శ్రావణి వన్స్‌మోర్ అని అరిచింది. ఇంకో ఓడ వచ్చేదాకా కదలం అన్నారు పిల్లలు. నేనూ కదల్లేదు. ఆ రోజు మేం ఇంగ్లండ్ చూస్తూ ఉండిపోయాం. ఆ పనిలో పడి ఫోటోలు తీయలేకపోయాం. చిత్తగించవలెను.